మంచు దులిపిన శుక్రవారం

టమాటా గురించి బాలసుబ్బయ్యకు తెలియనిది లేదు. ఆకు వెనక్కి తిప్పి చూసి ఏ తెగులో చెప్పేవాడు. బోరు నీళ్లు పుక్కిట పట్టి ఉప్పు ఎంతుందో చెప్పేవాడు. మదనపల్లె పక్క పల్లెలో పుట్టి టమాటా తెలియదంటే చేపకు ఈత రాదన్నట్టే. ఆయనకు తెలియనిది ఒక్కటే, గడ్డకట్టే చలి. ఆ ఒక్కటే వచ్చి ఆయన కొంప ముంచింది. ముంచినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

నా పేరు హుస్సేన్ పీరా. ఊరు రాయచోటి. బి.ఏ. పాసై, కువైట్‌లో రౌదా అనే పేటలో ఒక పెద్దింటి కారు పన్నెండేళ్లుగా తోలుతున్నాను. చదివిందానికీ చేసేదానికీ పొంతన లేదని మా ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతుంది. బాలసుబ్బయ్య భార్య సిద్ధమ్మ ఆ ఇంట్లోనే పనిచేస్తుంది. నాకంటే రెండేళ్లు ముందు వచ్చింది. కొత్తలో నాకు అరబ్బీలో ఏది తిట్టో ఏది పిలుపో విడమరిచి చెప్పి, వేళకు ఇంత తిండి పెట్టి, నన్ను మనిషిని చేసింది ఆమే. అక్కా అని పిలుస్తాను. అక్క మొగుడు కాబట్టి ఆయన నాకు బావ.

ఊర్లో వాళ్లకు మూడెకరాలు ఉండేవి. నాలుగు బోర్లు వేయిస్తే నాలుగూ దుమ్ము కక్కాయి. పిల్లలు లేరు. ఆడవాళ్లకైతే వీసా తొందరగా వస్తుందని ఎవరో చెప్తే సిద్ధమ్మే ముందు విమానం ఎక్కింది. ఐదేళ్లు ఈమె ఇక్కడ, ఆయన అక్కడ. ఈలోగా ఆ మూడెకరాలు కూడా చేతులు మారాయి. మా ఇంటి పెద్దాయనకు, అందరం బాబా అనేవాళ్లం, అబ్దలీలో ఇరాక్ సరిహద్దు దగ్గర ఒక తోట ఉంది. ఇక్కడ తోటను మజ్రా అంటారు. అక్కడ టమాటా ఏటా ఎండిపోతోందని బాబా ఒకరోజు విసుక్కుంటుంటే, కాఫీ పోస్తున్న సిద్ధమ్మ వచ్చీరాని అరబ్బీలో, మా ఆయనకు టమాటా వచ్చు బాబా అందట. ఆయన పకపకా నవ్వి వీసా తీయించాడు. బాలసుబ్బయ్య వచ్చిన మొదటి ఏడే ఆ ఇసుకలో కాయించిన కాయలు చూసి బాబా చుట్టాలందరికీ పెట్టెలు పంపించాడు.

బాబా మంచివాడు. పైకి చెప్పకుండా మంచి చేసే రకం. ప్రతి శుక్రవారం తెల్లవారి నమాజు కాగానే నేను మజ్రాకు పోయి వారానికి సరిపడా కూరగాయలు తేవాలని ఏర్పాటు చేశాడు. వాటిని ఏరి సర్దడానికి సిద్ధమ్మ నాతో రావాలి. నాలుగు పెట్టెలు సర్దడానికి ఒక మనిషి ఎందుకో ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. సాయంత్రం అసర్ నమాజు వేళకు ఇంట్లో ఉండాలన్నది ఒక్కటే షరతు. అలా ఆ మొగుడూ పెళ్లాలకు నెలకు నాలుగు పగళ్ల కాపురం ఏర్పడింది. తొమ్మిదేళ్లు అదే కాపురం.

శుక్రవారం మేము పోయేసరికి ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఉన్నావు బావా అని నేను ఏడిపించేవాడిని. సిద్ధమ్మ ఖైతాన్‌లో తెలుగువాళ్ల అంగడి నుంచి రాగిపిండి తెప్పించుకుని తెచ్చేది. రేకుల గదిలో సంగటి కెలికి, ఊరిబిండి నూరి పెట్టేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. సాళ్ల మధ్య ముందు ఆయన, వెనక ఆమె నడిచేవాళ్లు. ఆయన కాయను చూపిస్తే ఆమె ఆయన చొక్కాకు ఊడిన గుండీ చూసి తిట్టేది. ఒక్క ఫోటో తీస్తాను నిలబడండి అని నేను ఎన్నిసార్లు అడిగానో. ఆయన ఒప్పుకునేవాడు కాదు.

"ఫోటో దూరముండేటోళ్లకప్పా. మేము ఇద్దరం ఈడనే ఉండాము గదా" అనేవాడు.

ఆ మాటకు సిద్ధమ్మ మూతి తిప్పుకునేది గానీ లోపల ఆమెకూ నచ్చేదనుకుంటాను. వాళ్ల పెళ్లినాడు ఊర్లోకి ఫోటో తీసేవాడిని పిలిచే స్తోమత లేదు. ఆ తర్వాత ఎవరూ తీయలేదు.

రెండేళ్ల కిందట బాబా చనిపోయాడు. ఆ దిగులుతోనే ఇంటి పెద్దావిడ, ఆమెను మామా అంటాం, పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఆమెకు ఒళ్లు తుడవాలన్నా, అన్నం పెట్టాలన్నా సిద్ధమ్మ చెయ్యే కావాలి. వేరే వాళ్లు ముట్టుకుంటే పళ్లు బిగబట్టి అరుస్తుంది. ఆస్తి, కాగితాలు, మేము ఇక్కడ ఉండటానికి కావలసిన ఇఖామాలు అన్నీ కొడుకు మిషారీ చేతికి వచ్చాయి. చెడ్డవాడని అనను. కాకపోతే తండ్రి ఇష్టపడ్డవన్నీ దండగని నమ్మే వయసు. స్నేహితులందరూ తమ మజ్రాలలో పంటలు తీసేసి, ఈతకొలను కట్టి, వారాంతానికి అద్దెకు ఇస్తున్నారు. అతనికీ ఆ మోజు పట్టింది.

పోయిన అక్టోబరులో నారు నాటిన వారానికి మిషారీ మజ్రాకు వచ్చాడు. సాళ్ల వైపు చూడకుండా, ఇక్కడి నుంచి అక్కడికి ఎన్ని అడుగులని కాళ్లతో కొలుచుకుంటూ తిరిగాడు. పోతూ పోతూ నాతో ఏదో చెప్పి, చెప్పు అన్నట్టు బాలసుబ్బయ్య వైపు గడ్డం చూపించాడు.

"ఏమంటాడు?" అన్నాడు బాలసుబ్బయ్య.

"ఈ ఒక్క పంట చూస్తాడంట బావా. బాగా వస్తే మజ్రా ఇట్లే ఉంటాదంట. రాకపోతే ఖలాస్ అంట. కొలను కట్టిస్తాడంట."

"మరి నేను?"

"ఊరికి."

 ఆయన, "ఇద్దరం పోతాం లే. ఆయమ్మను గూడా పంపియ్యమను" అన్నాడు.

నేను ఆ మాట మిషారీకి చెప్పాను. అతను ఆశ్చర్యపోయాడు. మా అమ్మ బతికున్నంత కాలం సిద్ధమ్మ ఎక్కడికీ పోదు, అది ఆలోచించాల్సిన సంగతే కాదన్నాడు. ఆమె పాస్‌పోర్టు ఎక్కడుందో మాకు తెలుసు, మామా గదిలో ఇనప్పెట్టెలో. వీసాకు పూచీ పడే ఇంకో యజమానిని, అంటే కఫీల్‌ను, చూసుకుందామా అంటే, ఊర్లో ఏజెంటు ఎవడో బాలసుబ్బయ్య పాస్‌పోర్టులో ఇష్టమొచ్చిన పుట్టినతేదీ వేయించాడు. ఉన్న వయసు యాభై ఏడు, కాగితం మీద అరవై మూడు. అరవై మూడేళ్లవాడిని కొత్తగా ఎవడు తీసుకుంటాడు?

ఆ రోజు తిరుగు దారిలో సిద్ధమ్మకు అంతా చెప్పాను.  ముత్లా గుట్ట దాటాక అంది.

"నేను పోవాలంటే ముసలామె పోవాల. అట్లని దేవునికి దండం పెట్టుకోలేను గదా నాయనా. తల్లి మాదిరి నా చెయ్యి పట్టుకుంటాది."

కాబట్టి ఉన్నదంతా ఆ టమాటా మీదే పెట్టారు. ఆయన ఆ ఏడు చేసిన సేద్యం నేను చూశాను. మొక్కకు పేరు పెట్టి పిలిచేంత పని చేశాడు. సాళ్లలో చుక్కనీటి గొట్టాలకు బెజ్జం బెజ్జం చేత్తో తడిమి, ఇసుక అడ్డుపడితే సూదితో పొడిచేవాడు. కట్టెలు పాతనక్కర్లేని పొట్టి రకం అది, గుబురుగా నేల మీద పరుచుకుంది. నవంబరు చివరికి పచ్చికాయలు గుత్తులు గుత్తులుగా వేలాడాయి. నేను ఒకటి కోయబోతే చేతి మీద కొట్టాడు.

ఒక్కటే లోటు. చలికాలంలో సాళ్ల మీద కప్పే ప్లాస్టిక్ పట్ట పోయినేడు గాలికి చినిగి పీలికలైంది. ఏటా ఆ పట్ట కప్పేది బాబా తెప్పించిన మనుషులు. ఎందుకు కప్పుతారని బాలసుబ్బయ్య ఎప్పుడూ ఆలోచించలేదు, చలిగాలికి అనుకునేవాడు. అది లేకపోతే పంటకు మంచిది కాదని మాత్రం తెలుసు. కొత్తది కావాలని నాతో మూడుసార్లు అడిగించాడు. అల్ రాయ్‌లో ఏ గోదాములో దొరుకుతుందో కూడా నేను కనుక్కుని చెప్పాను. మిషారీ మూడుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. ఇన్షా అల్లా, వచ్చేవారం. దేవుడి పేరు అంత సులభంగా వాడేవాడిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ కారు తోలేవాడి ఒళ్లు మండితే ఎవడికి?

డిసెంబరు మొదటి శుక్రవారం మేము మజ్రా చేరేసరికి అప్పుడే వెలుతురు వస్తోంది. గేటు పక్కన కంచెకు ఆనుకుని అర్ఫజ్ పొద ఒకటి ఉంది, ఎడారిలో దానంతట అది మొలిచే ముళ్లపొద. దాని మీద ఏదో తెల్లగా కనిపించింది. సిద్ధమ్మ కారు దిగి నేరుగా దాని దగ్గరికే పోయింది. కొమ్మ కొమ్మకూ సన్నటి మంచు సూదులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఒక్కోటి నూకంత పొడవు. కొన్నిచోట్ల రెండు మూడు సూదులు కలిసి పువ్వు రేకులా విచ్చుకున్నాయి. ఊపిరి తగిలితే కరిగిపోయేంత సున్నితంగా ఉన్నాయి. ఫ్రిజ్‌లో తప్ప గడ్డకట్టిన నీళ్లు చూడని మాకు అది వింతే.

"ఇది ఎవరు చేసినారప్పా ఇట్ల?" అంది సిద్ధమ్మ, చిన్నపిల్లలా.

బాలసుబ్బయ్య కొమ్మ పట్టుకుని ఒక్కసారి విదిలించాడు. సూదులన్నీ ఉప్పులా రాలిపోయాయి. కొమ్మకు ఏమీ కాలేదు. పచ్చగా, తడిగా అలాగే ఉంది. ఆయన ఇంకో రెమ్మ విరిచి, మంచు రాలకుండా స్టీలు గ్లాసులో నిలబెట్టి ఆమె చేతికి ఇచ్చాడు. గదిలోకి పోయేలోపు గ్లాసులో చుక్క నీళ్లు మిగిలాయి. ఆమె ఆ నీళ్లు పారబోయకుండా తాగేసింది. ఏమిటక్కా అది అంటే నవ్వింది. ఆ నాడు చలి కంచె దాకా వచ్చి ఆగింది. సాళ్లలో బోరు నీటి తడి వెచ్చదనానికేమో, మొక్కల మీద మామూలు మంచుచుక్కలు తప్ప ఏమీ లేదు.

తర్వాతి శుక్రవారం అలా కాలేదు. ముందు రోజంతా గాలి ఆడలేదు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. దారిలో కారు అద్దం కింద అంకెలు మూడు, రెండు అని దిగుతూ, అబ్దలీ మలుపు దగ్గర ఒకటి చూపించాయి. గేటు దగ్గర బాలసుబ్బయ్య లేడు. ఇస్త్రీ చొక్కా లేదు. పొలం గట్టు మీద దుప్పటి కప్పుకుని నిలబడి ఉన్నాడు.

పొలం మొత్తం తెల్లబడి ఉంది. నేను అబద్ధం చెప్పను, చూడటానికి అంత అందమైనది నా జన్మలో చూడలేదు. ప్రతి ఆకు అంచుకూ తెల్లటి కుట్టు కుట్టినట్టు మంచు పట్టింది. టమాటా కాడ మీద కంటికి ఆనని నూగు ఉంటుంది కదా, ఆ నూగులో ఒక్కో పోగుకూ ఒక్కో పూస. గొట్టం కారిన చోట మొక్కకు గాజు తొడుగులా గడ్డ పట్టి, లోపల పచ్చికాయ స్పష్టంగా కనబడుతోంది. వెలుతురు పెరిగేకొద్దీ ఒక్కో సాలు మెరవడం మొదలుపెట్టింది.

"ఇట్లనే వదిలేస్తే ఎండ తగిలి ఉడికిపోతాయి గదా" అన్నాడు బాలసుబ్బయ్య.  "ఏం చేయాల్నో తోచలేదు."

దారి చూపించింది సిద్ధమ్మే. మా వైపు మార్గశిరంలో మంచు ఎక్కువ పడితే ధనియాల చేలో, నారుమళ్లలో పొద్దు పొడవకముందే మంచు దులుపుతారు. ఇద్దరు మనుషులు చెరో గట్టున తాడు కొస పట్టుకుని పైరు మీదుగా లాగుకుంటూ పోతారు. పూత కుళ్లకుండా నీళ్లు రాలిపోతాయి. పెళ్లైన కొత్తలో వాళ్లిద్దరూ చేసిన పనే.

"ధనియాల చేనికి దులిపినట్ల దులుపుదాం రా అయ్యా. పోయిన వారం ముళ్లచెట్టు నుంచి ఎట్ల రాలిపోయె, చూసినావు గదా" అంది.

ఆ మాటతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. గదిలోకి పరుగెత్తి బాబా ఎడారి డేరాకు కట్టే పొడుగు తాడు తెచ్చాడు. ఒక కొస ఆయన, ఒక కొస ఆమె. అటు గట్టున ఒకరు, ఇటు గట్టున ఒకరు, మధ్యలో పన్నెండు సాళ్లు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. తాడు మొక్కల తలల మీదుగా జారుతుంటే తెల్లటి పొడి లేచి, ఎదురుగా వస్తున్న ఎండలో మెరిసింది. పెటపెటమని చప్పుడు. మంచు రాలుతున్న చప్పుడనుకున్నాం.

"మెల్లగా లాగే, ఉరుకుతాండావు" అని ఆయన అరిచాడు.

"నువ్వే ముసలోనివైనావు" అని ఆమె అటు గట్టు నుంచి అరిచి నవ్వింది. పన్నెండేళ్లలో సిద్ధమ్మ తల పైకెత్తి అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. చీర కొంగు నడుముకు దోపుకుని, స్వెట్టరు చేతులు పైకి లాక్కుని, పాతికేళ్ల మనిషిలా నడుస్తోంది. నేను ఫోన్ తీసి వీడియో పట్టాను. ఒకే ఫ్రేములో ఇద్దరూ, మధ్యలో తాడు, చుట్టూ లేస్తున్న మంచు. నా నోట్లో నువ్వు గింజ నానదని రాయచోటిలో అందరికీ తెలుసు. అక్కడికక్కడే దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాను. కింద, మా అక్కా బావల మంచు సేద్యం అని రాశాను.

నా నంబరు ఎవరెవరి ఫోన్లలో ఉందో అప్పుడు ఆలోచించలేదు.

పొలం చివరిదాకా లాగి, ఇద్దరూ ఆయాసపడుతూ గట్టు మీద కూర్చున్నారు. సిద్ధమ్మ సంగటి కెలకడానికి గదిలోకి పోయింది. ఎండ సాళ్ల మీదికి వచ్చింది. మొదట ఆకులు తడితడిగా మెరిశాయి. కాసేపటికి ముడుచుకున్నాయి. పొద్దు బారెడెక్కేసరికి పొలం రంగు మారింది, ఉడికిన ఆకుకూర రంగు. బాలసుబ్బయ్య దిగి ఒక మొక్కను లేపబోయాడు. అది పాదు దగ్గర తెగి చేతిలోకి వచ్చింది. ఇంకోటి పట్టుకున్నాడు. అదీ అంతే. గడ్డకట్టిన కాడలు అప్పడాల్లా ఉంటాయని, తాడు తగిలితే మొదలుకే విరుగుతాయని మాకెవరికీ తెలియదు. పొద్దున విన్న పెటపెట అదే.

పక్క మజ్రా మేస్త్రీ, ఈజిప్టు నుంచి వచ్చిన మిస్రీవాడు, కంచె దగ్గరికి వచ్చి చూసి, తల పట్టుకున్నాడు. ఎవరు ముట్టుకోమన్నారని నన్ను అడిగాడు. మంచు పట్టిన మొక్కను అస్సలు తాకకూడదట. గొట్టాలు తెరిచి నీళ్లు వదిలి, దానంతట అది కరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలట. పై ఆకంతా మాడినా మొదట్లో ప్రాణం ఉంటుందట, రెండు వారాల్లో మళ్లీ చిగురిస్తుందట. తన పొలంలో తను చేసింది అదేనన్నాడు.

"ఏమంటాడు పీరా?" అన్నాడు బాలసుబ్బయ్య.

"చలికి పోయినాయంట బావా. ఎవరూ ఏం చేయలేరంట" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. తొమ్మిదేళ్లు ఇక్కడున్నవాడికి ఆ మాత్రం అరబ్బీ రాకుండా ఉంటుందా? చేతిలో మొక్కను తీసుకెళ్లి, విరిగిన చోటే మళ్లీ మట్టిలో గుచ్చి, పాదు ఒత్తాడు. అది నిలబడలేదు. పక్కకు ఒరిగింది.

"ఆయమ్మకు మాత్రం చెప్పొద్దప్పా. తాడు మాట ఆమెది. సచ్చేదాకా మనసులో పెట్టుకోని కుములుతాది. చలికి పోయినాయనే అనుకోనీ" అన్నాడు.

సిద్ధమ్మ సంగటి పళ్లెంతో బయటికి వచ్చి పొలం చూసి అక్కడే నిలబడిపోయింది. ఆయన, "చలి గట్టిగా పడిందే. మనం దులిపినా నిలవలేదు" అన్నాడు. ఆమె పళ్లెం కింద పెట్టి, ఆయన పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది. ఆ రోజు కూరగాయల పెట్టెలు ఖాళీగా తెచ్చాం.

ఆదివారం మిషారీ మజ్రాకు తోలమన్నాడు.  దిగి, ఎండిన పొలం ఒకసారి చూసి, బాలసుబ్బయ్యను దగ్గరికి రమ్మని, జేబులోంచి ఫోన్ తీసి మా ఇద్దరి ముందు పెట్టాడు. స్టేటస్‌లోంచి దించుకున్న నా వీడియో అందులో ఆడుతోంది. సిద్ధమ్మ నవ్వు, మెల్లగా లాగే అన్న ఆయన కేక, పెటపెట చప్పుడు. 

చలి దేవుడు పంపాడు, తాడు మీరు లాగారు అన్నాడు మిషారీ. పక్క మజ్రావాడిని అడిగి అన్నీ కనుక్కునే వచ్చాడు. అతనికి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. మరి మూడుసార్లు అడిగిన పట్ట మాటేమిటని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నా ఇఖామా గడువు ఫిబ్రవరిలో. దాన్ని పొడిగించేదీ అతనే.

బాలసుబ్బయ్య మాత్రం చేతులు జోడించాడు. నాతో చెప్పించకుండా, తనకొచ్చిన అరబ్బీలోనే అడిగాడు. ఇంకోసారి నారు పోస్తాను, జీతం వద్దు, మార్చికల్లా కాయ చూపిస్తాను అన్నాడు. మిషారీ మెత్తగానే భుజం తట్టాడు. ఖలాస్ అన్నాడు. అతను కొలతలు చూసుకోవడానికి పోయాక నేను కారులో కూర్చుని ఫోన్లోంచి ఆ వీడియో తీసేశాను. తీసేసినవి దాచిపెట్టుకునే చోట కూడా వెతికి తుడిచేశాను. ఇక ఎవరూ నా ఫోన్లో దాన్ని చూపించి నన్ను అడగకూడదని అంత పని చేశాను. పిరికితనం. దానికి ఇంకో పేరు లేదు.

కాగితాలు కావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు శుక్రవారాలూ మమ్మల్ని మజ్రాకు పంపలేదు, తేవడానికి కూరగాయలు లేవు కదా అన్నారు. ప్రయాణం రోజు నేనొక్కడినే పోయి ఆయనను ఎక్కించుకున్నాను. సాళ్లు అప్పటికే చదును చేశారు. కంచె అవతల మిస్రీవాడి పొలంలో మాడిన మొదళ్ల నుంచి కొత్త చిగుళ్లు జానెడు లేచాయి. బాలసుబ్బయ్య వాటినే చూస్తూ కారెక్కాడు.

విమానాశ్రయానికి పోయే దారి కాకపోయినా కారు రౌదాకు తిప్పాను. సిద్ధమ్మను విమానాశ్రయానికి పంపలేదు, మామాకు స్నానం వేళ. గేటు దాకా వచ్చింది. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. ఒక సంచీ ఇచ్చింది.

"బీపీ మాత్రలు పైనే పెట్టినా. స్వెట్టరు ఇప్పొద్దు, విమానంలో చలేస్తాది" అంది.

"ఊ."

"రేకులు కారతాయేమో చూసి వేయించు."

"ఊ. నువ్వు యాళకు తిను."

లోపలి నుంచి మామా అరుపు వినిపించింది. సిద్ధమ్మ ఆయన చొక్కా గుండీ ఒకటి పెట్టి, వెనక్కి తిరిగి లోపలికి పోయింది. ఆయన కారెక్కి, విమానాశ్రయం దాకా నాతో ఒకే మాట అన్నాడు. చెప్పలేదు కదా అన్నాడు. చెప్పలేదు బావా అన్నాను.

మామా ఇప్పుడు కొంచెం కోలుకుంటోంది. ఇంకా చాలా ఏళ్లు ఉంటుందని డాక్టరు చెప్పాడని ఇంట్లో మిఠాయి పంచారు. సిద్ధమ్మకూ ఒకటి ఇచ్చారు. శుక్రవారాలు కూరగాయలు జమియా అనే సహకార అంగడిలో కొంటున్నాను. నా ఇఖామా మరో రెండేళ్లు పొడిగించారు.

పోయిన శుక్రవారం నేను కారు తుడుస్తుంటే సిద్ధమ్మ పెరటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.  నాతో ఏదైనా అడగడానికి ఆమె ఎప్పుడూ మొహమాటపడలేదు. ఆ రోజు పడింది.

"నాయనా, ఆ పొద్దు నువ్వు మమ్మల్ని ఫోన్లో పట్టినావు గదా, తాడు లాగేటప్పుడు. అది నా ఫోనుకు పంపియ్యి. మీ బావది, నాది ఇద్దరిదీ కలిసి ఉండేది ఏమీ లేదప్పా. అదొక్కటే."

తడి గుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. మిషారీ ఫోన్లో అది ఇంకా ఉందేమో నాకు తెలియదు. ఉన్నా, పోయి అడిగే దమ్ము నాకు లేదు. ఎందుకు తీసేశానో చెప్పాలంటే తాడు సంగతి చెప్పాలి.

"లేదక్కా. ఫోన్లో జాగా చాలక అప్పుడే తీసేసినా" అన్నాను.

ఆమె నా ఫోన్ వైపు ఒకసారి చూసింది. "పోనీలే నాయనా, నీకేం తెలుసు" అని, మామాకు అన్నం వేళైందని లోపలికి పోయింది.